బల్లెం దించిన ఊరు

అట్లాంటిక్ నడుమ, అగ్నిపర్వతం కాళ్ల దగ్గర ఉన్న లాజెస్ ఒకప్పుడు తిమింగలాలను చంపి బతికింది. ఇప్పుడు వాటిని చూపించి బతుకుతోంది. అప్పుడూ ఇప్పుడూ ఆ ఊరికి అన్నం పెట్టింది కొండమీది కాపలావాడి చూపే.

తెల్లవారేసరికి కైమాడా కొండకొమ్ము మీది చిన్న గదిలో కాపలా మొదలవుతుంది. సముద్రం వైపు గోడలో అడ్డంగా కోసినట్టు సన్నని కిటికీ ఉంటుంది. దాని ముందు స్టాండుకు బిగించిన పెద్ద బైనాక్యులర్. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి గంటల తరబడి ఒకటే పని, నీళ్లను వెతకడం. గాలికి లేచిన నురగ ఏదో, తిమింగలం వదిలిన ఊపిరి ఏదో తేడా పట్టుకోవాలి. ఊపిరి ముందుకు, కాస్త ఎడమకు వాలిందా? అయితే స్పెర్మ్ తిమింగలం. దాని ముక్కు రంధ్రం తల ముందు కొసన, ఎడమ పక్కన ఉంటుంది. నిట్టనిలువుగా, ఎత్తుగా లేచిందా? అది నీలి తిమింగలమో, ఫిన్ తిమింగలమో. చూసింది చూసినట్టు రేడియోలో పడవకు చెప్తాడు. ఎంత దూరం, ఏ దిక్కు, ఎన్ని ఉన్నాయి, ఎటు పోతున్నాయి. పడవలో లైఫ్ జాకెట్లు తగిలించుకుని కూర్చున్న పర్యాటకులు అటు కదులుతారు.

ఆ గది పర్యాటకుల కోసం కట్టింది కాదు. చంపడానికి వెళ్లే పడవలకు దారి చూపడానికి కట్టింది. రేడియోలు లేని రోజుల్లో అక్కడి నుంచి తారాజువ్వ వదిలేవారు. అది పేలిన చప్పుడు వింటే పొలంలో ఉన్నవాడు పార అక్కడే పడేసి, చెప్పులు కుట్టేవాడు కత్తి పక్కన పెట్టి, రేవుకు పరిగెత్తేవారు. వేట ఆగి ముప్పై ఏళ్లు దాటి చాలా కాలమైంది. కాపలా గది అక్కడే ఉంది, పనీ అదే. మారిందల్లా కిందనుంచి బయల్దేరే పడవలో ఏముంటుందన్నదే.

లాజెస్ ఉన్నది అజోర్స్ ద్వీపసమూహంలోని పీకో అనే దీవిలో. మొత్తం తొమ్మిది దీవులు. పోర్చుగల్‌లో భాగమే కానీ 1976 నుంచి స్వయంపాలిత ప్రాంతం. లిస్బన్ నుంచి దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు పడమటికి వెళ్తే తగులుతాయి. పీకోలో జనం మొదట స్థిరపడింది లాజెస్‌లోనే, 1460ల ప్రాంతంలో. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపిన మునిసిపాలిటీలోనే ఐదు వేలమంది లేరు. మన లెక్కలో అది ఓ మోస్తరు పంచాయతీ. నల్లరాతి ఇళ్లు, తెల్ల సున్నం గోడలు, రెండు బురుజుల చర్చి, రేవు పక్కనే వరసగా పడవల షెడ్లు. ఊరి వెనక తల ఎత్తి చూస్తే, మబ్బు దయ తలిస్తే, 2,351 మీటర్ల పీకో శిఖరం కనిపిస్తుంది. పోర్చుగల్ మొత్తంలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. మబ్బు దయ తలచడం రోజూ జరిగేది కాదు.

రాళ్లలో ద్రాక్ష

తిమింగలాలు చూడటానికి ప్రపంచంలో చాలా ఊళ్లున్నాయి. లాజెస్‌లో ప్రత్యేకంగా గమనించాల్సింది ఆ జంతువుకీ ఆ కొండకీ ఉన్న సంబంధం. అది తెలియకపోతే సగం ఊరే చూసినట్టు.

ఉత్తర అమెరికా, యురేషియా, ఆఫ్రికా పలకలు కలిసే మూలలో అజోర్స్ పుట్టింది. తొమ్మిదింటిలోనూ పడుచుది పీకో. వయసు మూడు లక్షల ఏళ్లు దాటదంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల్లో మన ఇళ్లకూ రోడ్లకూ కంకర కొట్టే నల్లరాయి కూడా లావా గడ్డకట్టిన బసాల్టే. కానీ అది దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటిది. ఆ రాయి అరిగి, మట్టిగా మారి, పంట పండించే వయసుకు వచ్చింది. పీకో రాయికి ఆ తీరిక ఇంకా దొరకలేదు. లాజెస్ మునిసిపాలిటీ హద్దుల్లోనే 1718లో సావ్ జోవావ్ దగ్గర, 1720లో సిల్వేరా దగ్గర భూమి పగిలి లావా సముద్రం దాకా పారింది. పొలాలు, ఇళ్లు దాని కింద పోయాయి. ఎందుకొచ్చిందో అర్థంకాని ఆ జనం అలా కప్పుకుపోయిన నేలలను ‘మర్మాలు’ అన్నారు. మూడు వందల ఏళ్లు గడిచినా పటంలో వాటి పేరు అదే.

మట్టి లేని చోట మనుషులు ఏం చేస్తారు? దీవి పడమటి కొసన మదలేనా వైపు వెళ్తే జవాబు కళ్లముందు ఉంటుంది. నల్లరాళ్లను ఏరి, సున్నం గానీ మట్టి గానీ పెట్టకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి, చిన్న చిన్న గదుల్లాంటి మడులు కట్టారు. ఒక్కో మడిలో నాలుగో ఆరో ద్రాక్ష తీగలు. రాతి పగుళ్లలోకి వేరు దిగుతుంది. గోడ ఉప్పుగాలిని ఆపుతుంది. పగలు వేడెక్కిన రాయి రాత్రి తీగకు కాపు కాస్తుంది. 987 హెక్టార్ల ఈ రాతి ద్రాక్షతోటలను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి వెర్దెల్యో వైను ఒకప్పుడు రష్యా దాకా ఎగుమతయ్యేది. 1850ల్లో తెగులు వచ్చి తోటలన్నీ ఎండిపోయాయి. ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోయింది. ఇక మిగిలింది సముద్రం. పడవెక్కి అమెరికా వెళ్లిపోవడం, లేదా పడవెక్కి తిమింగలం వెంటపడటం. చాలామంది రెండూ చేశారు.

ఇక్కడే కొండ రెండో పని చేసింది. నేలమీద మట్టి ఇవ్వని అగ్నిపర్వతం నీటి కింద మాత్రం లోతు ఇచ్చింది. మన కోస్తాలో ఒడ్డు నుంచి లోతు మెల్లగా పెరుగుతుంది. పీకో అలా కాదు. సముద్రం అడుగు నుంచి లేచిన కొండ అది. నీటిపైన ఎంత నిటారుగా ఉందో నీటి కిందా అంతే నిటారు. ఒడ్డు నుంచి కొద్ది కిలోమీటర్లకే వెయ్యి మీటర్ల లోతు. ఆ లోతుల్లో స్క్విడ్లు, వాటికోసం దిగే స్పెర్మ్ తిమింగలాలు. చాలాచోట్ల వీటిని చూడాలంటే నడిసముద్రానికి పోవాలి. ఇక్కడ కొండమీద కూర్చుంటే కనిపిస్తాయి. చంపడానికి అది ఎంత అనువో, చూడటానికీ అంతే అనువు.

ఏడుగురు, ఒక తాడు

పీకో జనం వేట నేర్చింది అమెరికన్ల దగ్గర. 18, 19 శతాబ్దాల్లో న్యూ బెడ్‌ఫర్డ్, నాంటకెట్ రేవుల నుంచి వచ్చే తిమింగల వేట ఓడలు నీళ్లు, కూరగాయలు, మనుషుల కోసం అజోర్స్‌లో ఆగేవి. తక్కువ జీతానికి గట్టిగా పనిచేసే కుర్రాళ్లు దొరికేవారు. హెర్మన్ మెల్విల్ 1851లో రాసిన ‘మోబీ డిక్’లో కూడా ఈ దీవుల నావికుల ప్రస్తావన ఉంది. అలా వెళ్లినవాళ్లలో కొందరు పనితనంతో, కాస్త డబ్బుతో తిరిగొచ్చారు. ఓడలు అక్కర్లేదు, తిమింగలం మన వాకిట్లోకే వస్తోంది కదా అనుకున్నారు. అమెరికా పడవ నమూనానే తీసుకుని తమ సముద్రానికి తగ్గట్టు మార్చుకున్నారు. 19వ శతాబ్దం ముగిసేలోపు లాజెస్ వడ్రంగులు సొంతంగా పడవలు కట్టారు. పదకొండు పన్నెండు మీటర్ల పొడవు, సన్నటి ఒళ్లు, తెరచాప, తెడ్లు. చూస్తే వేట పడవలా ఉండదు, పందెం పడవలా ఉంటుంది.

పడవలో ఏడుగురు. వెనక చుక్కాని దగ్గర నాయకుడు, ముందు బల్లెం విసిరేవాడు, మధ్యలో తెడ్లు వేసేవాళ్లు. స్పెర్మ్ తిమింగలానికి చెవులు చురుకు. మోటారు చప్పుడు వింటే మునిగిపోతుంది. కాబట్టి మోటారు లాంచీలు వచ్చాక కూడా అవి పడవలను దూరం దాకా లాక్కెళ్లి వదిలేసేవి. ఆపైన తెరచాపతోనో, చివరికి పొట్టి తెడ్లతోనో చప్పుడు లేకుండా జంతువు పక్కకు, నిజంగా పక్కకు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరికి చేరాలి. అప్పుడు విసరాలి. బల్లెం చంపదు. జంతువుకు పడవను తాడుతో ముడివేస్తుంది, అంతే. దెబ్బ తిన్న తిమింగలం లోతుకు దిగుతుంది, లేదా పడవను లాక్కుని పరుగెడుతుంది. తొట్టిలో చుట్టిన తాడు బుసకొడుతూ పోతుంటే రాపిడికి కాలిపోకుండా దాని మీద నీళ్లు పోస్తూ ఉండాలి. ఎవడి కాలో చెయ్యో ఆ చుట్టలో పడితే కథ ముగిసినట్టే. తాడు నరకడానికి కత్తి ఎప్పుడూ అందుబాటులో ఉండేది. తిమింగలం అలసి పైకి తేలాక పొడవాటి ఈటెతో పదేపదే పొడిచేవారు. గంటలు పట్టేది. సముద్రం ఎర్రబడేది.

దీన్ని వీరగాథగా చెప్పడం తేలిక. పోస్టర్ల మీద అలాగే చెప్తారు. కానీ కూలీ సంగతి అడగాలి. పడవలు, రేవులో తిమింగలం నూనె కాచే కొలిమి, ఆ నూనె అన్నీ కంపెనీలవి. వేటగాళ్లకు అందేది వాటా, అదీ లెక్కలు తేలాక. చాలామందికి అది పూర్తికాల వృత్తి కూడా కాదు. పొలం, పశువు, చేపల వల మధ్య తారాజువ్వ పేలినప్పుడు చేసే పని. ఆ బతుకు మీద రాసినవాళ్లలో డియాస్ ది మెలో ముఖ్యుడు. లాజెస్ పక్కనే కల్యేటా ది నెస్కిం ఊరివాడు. ఆయన రాసిన ‘పెద్రాస్ నెగ్రాస్’ 1964లో వచ్చింది. ఊరివాళ్ల పేదరికాన్ని, వలసను రాసిన మనిషి.

బయటివాళ్లకు ఇదంతా వింతగా తోచింది. 1949లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రాబర్ట్ క్లార్క్ ఇక్కడికి వచ్చాడు. అప్పటికి అంటార్కిటిక్‌లో ఫ్యాక్టరీ ఓడలు, పేలుడు బల్లేలు ఏటా వేల తిమింగలాలను చంపుతున్నాయి. ఇక్కడేమో నూరేళ్ల కిందటి అమెరికన్ల చేతి వేట చెక్కుచెదరకుండా నడుస్తోంది. ఆయన రాసిన నివేదిక 1954లో అచ్చయింది. ఈనాటికీ ఆ వేట మీద పరిశోధకులు మొదట తెరిచే పుస్తకం అదే.

దీవి ఉత్తరపు ఒడ్డున సావ్ రోక్ ఊళ్లో 1946 నుంచి 1984 దాకా నడిచిన ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం. తిమింగలాన్ని ఒడ్డుకు లాగే రాతి వాలు, నూనె తీసిన భారీ బాయిలర్లు, ఎముకలూ మాంసమూ పిండి చేసి పశుదాణాగా, ఎరువుగా మార్చిన యంత్రాలు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. లాజెస్‌లోని వేటగాళ్ల మ్యూజియం 1988లో, రేవు పక్కనున్న పాత పడవల షెడ్లలోనే తెరిచారు. అక్కడ పడవ అందం, పళ్ల మీద చెక్కిన బొమ్మల నగిషీ చూసి ముచ్చటపడతాం. ముచ్చట తీరాక సావ్ రోక్ వెళ్లి ఆ బాయిలర్ల ముందు నిలబడటం మంచిది. ఒకటి చూసి రెండోది వదిలేస్తే వేటను సగమే చూసినట్టు.

నూనె ధర పడింది

వేట ఎందుకు ఆగిందని అడిగితే పర్యాటక కరపత్రాలు మనసు మార్పు కథ చెప్తాయి. అందులో కొంత నిజం ఉండొచ్చు. మొదట మారింది మాత్రం బజారు. దీపాలకు కిరోసిన్, ఆ తర్వాత కరెంటు వచ్చాయి. యంత్రాలకు పెట్రోలియం నూనెలు వచ్చాయి. యూరోపియన్ ఆర్థిక సమాజం 1982 నుంచి తిమింగలం ఉత్పత్తుల వాణిజ్య దిగుమతిని ఆపేసింది. అదే ఏడాది అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వాణిజ్య వేటకు విరామం ప్రకటించింది. 1984లో సావ్ రోక్ ఫ్యాక్టరీ మూతపడింది. 1986లో పోర్చుగల్ ఆ ఆర్థిక సమాజంలో చేరింది. కొనేవాడు లేని సరుకు కోసం ప్రాణం పణంగా పెట్టేది ఎవరు? ఆఖరి తిమింగలాన్ని 1987లో చంపారు. ఆ తర్వాత బల్లేలు గోడకెక్కాయి.

ఊరికి అది విడుదల కాదు, ఓటమి. తండ్రి నేర్పిన పని చట్టవిరుద్ధమైతే మనిషికెలా ఉంటుందో మత్స్యకార పల్లెలు, చేనేత ఊళ్లు తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. అలాంటి సమయంలో సెర్జ్ వియలెల్ అనే ఫ్రెంచి నావికుడు లాజెస్‌కు చేరాడు. చంపడం మానేశారు సరే, చూపించొచ్చు కదా అన్నాడు. 1989లో ఎస్పాసో తలాస్సా అనే సంస్థ పెట్టాడు. ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. కొత్త యంత్రాలు తేవడం కాదు, కొండమీది పాత కాపలావాళ్లను మళ్లీ పనిలోకి పిలవడం. సముద్రాన్ని చదవడం వాళ్లకు తెలిసినంతగా ఏ పరికరానికీ తెలియదు. తిమింగలం మునిగితే ఎంతసేపటికి, ఎటువైపు తేలుతుందో అంచనా కట్టగలరు. ఆ అంచనా మీద ఒకప్పుడు ఏడుగురి ప్రాణాలు ఆధారపడేవి. తప్పు చేస్తే నష్టం ఏమిటో తెలిసిన చూపు అది.

నా ఉద్దేశంలో ఈ ఊరి కథలో ఇదే అసలు సంగతి. చాలాచోట్ల పాత వృత్తి పోతే దానితోపాటు దాని జ్ఞానమూ పోతుంది. మ్యూజియంలో పనిముట్లు మిగులుతాయి, వాటిని వాడే చేతులు మిగలవు. ఇక్కడ పనిముట్టు గోడకెక్కింది, చూపు మాత్రం జీతానికి కుదిరింది.

నీటి మీద

ఇప్పటి పడవలు రబ్బరు అంచులతో తేలిగ్గా, వేగంగా ఉంటాయి. వేగానికి తగ్గ కుదుపూ ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వాటి జోలికి పోకుండా పెద్ద పడవ వెతుక్కోవాలి. సముద్రం పడనివాళ్లు గంట ముందే మాత్ర వేసుకోవాలి. చినుకు, ఎండ, గాలి, మళ్లీ చినుకు ఒక్క పూటలోనే వచ్చిపోతాయి. జూలైలో కూడా వానకోటు, స్వెటరు లేనిదే కదలకండి.

దగ్గరికి వెళ్లడానికి నియమాలున్నాయి. అజోర్స్ ప్రభుత్వం 1999లో చట్టమే చేసింది. జంతువుకు యాభై మీటర్లకంటే దగ్గరికి పోకూడదు. వెనక పక్క నుంచి, మెల్లగా, దాని దారికి అడ్డం రాకుండా వెళ్లాలి. ఒకే గుంపు దగ్గర ఎక్కువసేపు ఉండకూడదు. తిమింగలాలతో ఈత నిషిద్ధం. సీజనులో ఒకే జంతువు కోసం రెండు మూడు కంపెనీల పడవలు వంతులు కాచుకునే రోజులు ఉంటాయి. అప్పుడు చూడటానికి వచ్చినందుకు కాస్త సిగ్గేస్తుంది. మే నెలలోనో, సెప్టెంబరు ఆఖర్లోనో వెళ్తే ఆ రద్దీ తక్కువ.

పడవ ఆగాక గైడు నీళ్లలోకి మైకు దించుతాడు. స్పీకర్‌లో టిక్ టిక్ మని గడియారాలు అంగడి పెట్టినట్టు చప్పుడు. అవి కింద, చీకట్లో, వేటాడుతున్న స్పెర్మ్ తిమింగలాలు. చప్పుడు పంపి, అది తగిలి తిరిగొచ్చే తీరును బట్టి స్క్విడ్ ఎక్కడుందో పోల్చుకుంటాయి. జంతువులు చేసే శబ్దాల్లోకెల్లా గట్టిది ఇదే. ఒంట్లో మూడో వంతు తలే. ఆ తలలో నూనెతో నిండిన అవయవం ఈ శబ్దాన్ని పుట్టిస్తుంది. ఆ నూనె కోసమే శతాబ్దాలపాటు వాటిని చంపారు. టిక్కుల చప్పుడు ఆగిందంటే పైకి వస్తోందని అర్థం. గైడు వాచీ చూస్తాడు.

నలభై ఐదు నిమిషాలు మునిగి ఉన్న జంతువు పైకి వచ్చి పదినిమిషాల పాటు ఊపిరి తీసుకుంటుంది. ఆ పదినిమిషాలూ అది చేసేది దాదాపు ఏమీ లేదు. ముడతలు పడ్డ గోధుమ బూడిదరంగు దుంగ ఒకటి తేలుతూ, క్రమం తప్పకుండా బుస్సుమంటుంది. సినిమాల్లో చూసినట్టు గాల్లోకి ఎగిరిపడుతుందని వచ్చిన పిల్లలు నిరాశపడతారు. ఉండండి. చివరి ఊపిరి పీల్చి, వీపు వంచి, తలకిందులై దిగేటప్పుడు తోక మొత్తం నీళ్ల పైకి లేస్తుంది. కెమెరాలన్నీ దానికోసమే. పరిశోధకులకు కూడా ఆ క్షణమే కావాలి. తోక వెనక అంచు మీది గంట్లు, చీలికలు ఒక్కో జంతువుకు ఒక్కో తీరు. వాటి ఫొటోలతో ఏ తిమింగలం ఏదో గుర్తుపడతారు. అలా పోల్చి చూస్తేనే తెలిసింది, అజోర్స్‌లో కనిపించిన కొన్ని మగ తిమింగలాలు ఉత్తరాన నార్వే తీరంలోనూ కనిపించాయని.

ఇక్కడ ఏడాదంతా తిరిగేవి ఎక్కువగా ఆడవి, పిల్లలు. అమ్మమ్మ, తల్లి, పిన్నులు, పెద్దమ్మలు కలిసి ఉండే ఇల్లు అది. పిల్ల వెయ్యి మీటర్లు దిగలేదు కాబట్టి తల్లి వేటకు దిగితే పైన ఇంకో ఆడది కాపలా ఉంటుంది. మగపిల్లలు ఎదిగాక ఇల్లు వదిలి చల్లటి సముద్రాలకు పోతారు. పదహారు మీటర్ల పెద్దలై ఎప్పుడో ఒకసారి ఇటు వస్తారు. స్పెర్మ్ తిమింగలం డెబ్బై ఏళ్లు కూడా బతకగలదు. అంటే ఇప్పుడు మన పడవ పక్కన తేలుతున్న ముసలి ఆడ తిమింగలం బల్లేల రోజులు చూసినదే కావచ్చు. దానికి ఏం గుర్తుందో అడిగే భాష మనకు లేదు. అది మాత్రం పడవను చూసి పారిపోవడం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో నీలి, ఫిన్, సెయ్ తిమింగలాలు ఉత్తరానికి పోతూ ఇక్కడ ఆగి మేత మేస్తాయి. వేసవిలో మచ్చల డాల్ఫిన్లు వస్తాయి. వాటిదంతా అల్లరి, పడవ ముందు గెంతులు. పిల్లల నిరాశ తీర్చేవి అవే.

సముద్రం ఉడికిన రోజు

లాజెస్ నుంచి మదలేనా రోడ్డు మీద ముప్పై ఐదు కిలోమీటర్లు. అక్కడినుంచి ఫెర్రీలో అరగంట దాటితే ఫయాల్ దీవిలోని ఓర్టా. ఆ దీవి పడమటి కొసనున్న కపెలిన్యోస్‌కు వెళ్లకుండా తిరిగి రావద్దు.

1957 సెప్టెంబరు 27 ఉదయం అక్కడి కొండకొమ్ము మీద తిమింగలాల కోసం కాపలా కాస్తున్నవాళ్లకు తీరానికి కాస్త దూరంలో నీళ్లు ఉడుకుతున్నట్టు కనిపించాయి. ఊపిరి కాదది. సముద్రం అడుగున అగ్నిపర్వతం తెరుచుకుంది. పదమూడు నెలలపాటు, 1958 అక్టోబరు దాకా, ఆవిరి, బూడిద, ఆపైన లావా. కొత్త నేల పుట్టి పాత దీవికి అతుక్కుంది. లైట్‌హౌస్ కింది అంతస్తు బూడిదలో పూడిపోయింది. ప్రాణనష్టం లేదు కానీ ఇళ్లు కూలాయి, పొలాలు పోయాయి. అమెరికా సెనేటర్లు జాన్ పాస్తోరే, జాన్ ఎఫ్. కెనెడీ ముందుకు తెచ్చిన చట్టంతో 1958లో అజోర్స్ బాధితులకు ప్రత్యేక వీసాలు దక్కాయి. తాతలు తిమింగల వేట ఓడల్లో వెళ్లిన న్యూ ఇంగ్లండ్ ఊళ్లకే మనవలు సూట్‌కేసులతో వెళ్లారు. ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ వీధుల్లో నేటికీ పోర్చుగీసు బేకరీలు కనిపించేది అందుకే. బోస్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఆ బేకరీల తీపి రొట్టె తెలిసే ఉంటుంది.

ఆ సగం పూడిన లైట్‌హౌస్ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. దాని కింద నేల లోపల కట్టిన ప్రదర్శనశాల చక్కగా ఉంది. బయట బూడిద దిబ్బలను ఏటా సముద్రం కోసుకుపోతోంది. పుట్టిన నేలలో చాలా భాగం ఇప్పటికే పోయింది.

దారి, తిండి

బోస్టన్ నుంచి అజోర్స్‌లోని పోంటా డెల్గాడాకు నేరుగా విమానం ఉంది. ఐదు గంటల ప్రయాణం. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇండియా దారిలో లిస్బన్ మీదుగా ఓ మజిలీగా పెట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు షెంగెన్ వీసాతో లిస్బన్ చేరి అక్కడినుంచి పీకోకు ఎగరాలి. దూరమే. కానీ ఈ దారిలో ఇండియా సరుకు మొదటిసారి వస్తున్నదేం కాదు. గోవా, కొచ్చిన్‌ల నుంచి మిరియాలు, బట్టలు నింపుకుని తిరిగొచ్చే పోర్చుగీసు ఓడలు లిస్బన్ చేరేముందు ఈ దీవుల్లోనే, టెర్సైరా మీది అంగ్రా రేవులో ఆగి ఊపిరి పీల్చుకునేవి. అలా వస్తున్న ‘మాద్రే ది దేవుస్’ అనే భారీ ఓడను 1592లో ఇంగ్లిషువాళ్లు ఈ నీళ్లలోనే కొల్లగొట్టారు.

తిండి గురించి భయం అక్కర్లేదు. మాంసాహారులకు వైనులో ఉడికించిన ఆక్టోపస్, చేపల పులుసు, రాళ్లకు అతుక్కుని పెరిగే లింపెట్ నత్తల వేపుడు దొరుకుతాయి. నత్తలను వెల్లుల్లి, వెన్నతో పెనం మీదే వడ్డిస్తారు. పంది మాంసపు సాసేజీతో ఇక్కడివాళ్లు ఇష్టంగా తినేది ఏమిటో తెలుసా? చేమదుంప. ఉడకబెట్టి, తొక్క తీసి, చక్రాల్లా కోసి పెడతారు. పులుసు లేదు, పోపు లేదు. అయినా పాత స్నేహితుడు కనిపించినట్టుంటుంది. పండు మిరపను ఉప్పుతో రుబ్బి ఊరబెట్టిన ముద్ద సూపర్ మార్కెట్‌లో సీసాల్లో ఉంటుంది. ఒకటి కొని బ్యాగులో పెట్టుకుంటే మిగతా యాత్ర సాఫీగా సాగుతుంది. శాకాహారులు మొక్కజొన్న రొట్టె, పీకో చీజ్, బంగాళాదుంప, చేమదుంపలతో నెట్టుకురావాలి. మూడో రోజుకు విసుగు ఖాయం.

పీకో శిఖరం ఎక్కాలనుకుంటే సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉన్న పర్వత గృహంలో పేరు నమోదు చేయించుకోవాలి. పైకి మూడు నాలుగు గంటలు, దిగడానికీ దాదాపు అంతే. మోకాళ్లకు దిగడమే కష్టం. ఎక్కలేనివాళ్లకు గ్రూటా దాస్ టోరెస్ ఉంది. ఐదు కిలోమీటర్ల పైచిలుకు లావా సొరంగం. అందులో కొంత భాగమే చూపిస్తారు. హెల్మెట్, టార్చి వాళ్లే ఇస్తారు.

ఓ జాగ్రత్త. పాత దుకాణాల్లో బొమ్మలు చెక్కిన తిమింగలం పళ్లు కనిపిస్తాయి. వేటగాళ్లు ఖాళీ పూట చెక్కినవి, వాటిలో కొన్ని అద్భుతంగా ఉంటాయి. ఓర్టాలోని పీటర్స్ కఫే స్పోర్ట్ మేడమీద వాటికి మ్యూజియమే ఉంది. చూడండి, కొనకండి. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం స్పెర్మ్ తిమింగలం భాగాలను సరిహద్దులు దాటించడం నేరం. మన వార్తల్లో ‘తిమింగలం వాంతి’ పేరుతో అరెస్టుల కథనాలు చదువుతుంటాం కదా, ఆ అంబర్‌గ్రీస్ కూడా ఈ జంతువు పేగుల్లో పుట్టేదే. 1972 నాటి మన వన్యప్రాణి చట్టం కింద దాన్ని అమ్మినా, కొన్నా నేరం.

పడవలు మళ్లీ నీళ్లలోకి

వేటను లాజెస్ దాచిపెట్టలేదు. ఊరంతా దాని బొమ్మలే. క్షమాపణ చెప్పే బోర్డు ఎక్కడా లేదు. తిమింగలాన్ని ప్రేమించి వచ్చే యూరప్ కుర్రకారుకు ఇది ఇబ్బందిగా ఉంటుంది. నాకు మాత్రం ఈ తీరే నిజాయితీగా అనిపిస్తుంది. తాతలు ఆకలితో చేసిన పనికి మనవలు సిగ్గుపడుతున్నట్టు నటించనక్కర్లేదు. గొప్పగా ఊరేగించనూ అక్కర్లేదు. ఆ రెండో పని అప్పుడప్పుడు చేస్తారు, పండగ రోజుల్లో.

ఆగస్టు ఆఖరి వారంలో లాజెస్‌లో వేటగాళ్ల వారోత్సవం. లూర్దు మాత ఊరేగింపు, బ్యాండు మేళం, రాత్రంతా పాటలు. అందరూ ఎదురుచూసేది మాత్రం పడవ పందేలకు. ప్రభుత్వ వారసత్వ నిధులతో బాగుచేసిన పాత వేట పడవలను రేవులోకి దించుతారు. అవే తెడ్లు, అవే తెరచాపలు, ఏడుగురే మనుషులు. దీవుల మధ్య, ఊళ్ల మధ్య పౌరుషాలు ఆ వారం పైకి వస్తాయి. వేట రోజుల్లో ఆడవాళ్లు ఈ పడవలెక్కి వేటకు పోయింది లేదు. ఇప్పుడు వాళ్ల జట్లు వాళ్లకున్నాయి, ఆడవాళ్ల పందెం విడిగా జరుగుతుంది. అమెరికా వెళ్లిన కుటుంబాలు ఆ వారానికే సెలవులు పెట్టుకుని వస్తాయి కాబట్టి, లాజెస్‌లో గది కావాలంటే వేసవి మొదలయ్యేలోపే మాట్లాడుకోవాలి.